పేర్లు రాసిన టికెట్

నాన్నగారు కోటు తొడుక్కుని కూర్చున్నారు. బయట ఆగస్టు ఎండ కువైట్‌లో హవల్లీ వీధుల మీద తెల్లగా మండుతోంది, కిటికీ అద్దానికి చెయ్యి తగిలితే చురుక్కుమంటోంది, హాల్లో ఏసీ పొద్దుటినుంచీ రొప్పుతూనే ఉంది, ఆయన మాత్రం ఆ గోధుమరంగు ఉన్నికోటుకి మెడదాకా గుండీలు పెట్టుకుని, సోఫా అంచున, బండి వస్తే చటుక్కున లేవాలన్నట్టు, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నారు. తియ్యమంటే తియ్యరు. ఊరికి వెళ్ళడమంటే కోటు వేసుకోవడం. ఆ అలవాటు జర్మనీలో పడింది, మూడేళ్ళయినా పోలేదు. ఎన్ని పోలేదు గనక. అమ్మ చనిపోయిన సంగతి పోయింది, బెజవాడలో తన ఫ్లాటు ఏ వీధిలో ఉందో పోయింది, మనవరాలు సహస్ర పేరు వారంలో సగం రోజులు పోతుంది, కోటు మాత్రం మిగిలింది. "ఇవాళ ఏ ఊరమ్మాయ్?" అని పొద్దున కాఫీ తాగబోతూ అడిగారు. సుమతి గ్లాసు అందిస్తూ "రెగెన్స్‌బర్గ్ నాన్నగారూ" అంది. అనేశాక గ్లాసు వదలడానికి చెయ్యి రాలేదు. ఆయనే మెల్లిగా వేళ్ళు విడదీసి తీసుకుని, "వేడిగా ఉంది, వదులు" అన్నారు.

నాగరాజు రావడానికి ఇంకా గంట ఉంది. ఈ గంట గడిస్తే చాలు అని ఒకసారి అనుకుంటుంది, గడవకపోతే బావుణ్ణు అని వెంటనే అనుకుంటుంది, రెండూ ఒకే మనిషి అనుకుంటోందని తనకే నమ్మకం కలగదు. పెట్టె గుమ్మం దగ్గర నిలబెట్టి ఉంది. మూత వేసేముందు పైన మందుల సంచీ, దాని మీద పంచెలు, ఆ మీద ఏం పెట్టాలో తోచక తన పాత శాలువా ఒకటి పెట్టింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. ఇన్నేళ్ళ కువైట్ కాపురంలో ఎవరో ఒకరి చేతికి ఏదో ఒకటి ఇచ్చి పంపడం కొత్త కాదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతున్నారంటే వాళ్ళ పెట్టెలో మన పొట్లం ఒకటి ఉండాల్సిందే, ఖర్జూరాలో, షుగరు మాత్రలో, పాలపొడి డబ్బావో, ఓసారి అత్తగారి కళ్ళజోడు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో 'హైదరాబాద్ ఎవరైనా వెళ్తున్నారా, చిన్న పార్సిల్ ఉంది' అని పెడితే పావుగంటలో ఎవరో ఒకరు పలుకుతారు. పోయిన వారం అదే గ్రూపులో, అదే వేలితో, 'హైదరాబాద్ ఎవరైనా వెళ్తున్నారా, పెద్దాయన ఒకరు ఉన్నారు' అని పెట్టింది. పార్సిల్ అనే మాట తీసి పెద్దాయన అనే మాట పెట్టడం, అంతే తేడా. పలికింది నాగరాజు. అన్నమయ్య జిల్లా మనిషి, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, ఆ ఇంటి పిల్లల్ని సుమతి లెక్కలు చెప్పే ఇంగ్లీషు బడికి రోజూ దింపుతాడు. "మా నాయన్ను తీస్కపొయ్యినట్టే తీస్కపోతా మేడం. మీరేం బెంగ పెట్టుకోవాకండి" అన్నాడు. ఆ మాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వంక పెట్టడానికి ఏమీ లేకపోవడమే ప్రాణం తీస్తోంది.

తనే వెళ్ళాలి. కూతురు ఉండగా డ్రైవరుతో పంపడమేమిటి. కానీ ఇప్పుడు ఈ దేశం దాటాలంటే పనిచేసే చోట ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి, ఇది బడి తెరిచే వారం, ఎవరికీ ఇవ్వడం లేదు, ఖలాస్, అంది బడి ఆఫీసులో మునీరా, సానుభూతిగానే. భర్త రామాంజనేయులు అహ్మదీ రిఫైనరీలో షట్‌డౌన్ పనిలో ఇరుక్కున్నాడు, పొద్దున ఆరింటికి పోయి చీకటిపడ్డాక ఇసుక కళ్ళతో వస్తాడు, సెలవు అన్న మాట ఎత్తేలా లేడు. విజిట్ వీసా గడువు అయిపోయింది, ఇంకో రోజు ఉంచుకోవడానికి లేదు. అన్నీ నిజాలే, ఎవరడిగినా చెప్పుకోదగ్గ నిజాలే. కానీ మునీరా ఆ మాట అన్న క్షణంలో లోపల ఎక్కడో ఒక ముడి వదులయింది. హైదరాబాద్‌లో కొంపల్లి అవతల, మతిమరుపు పెద్దవాళ్ళని చూసుకునే ఆ హోమ్ గేటు దాకా తీసుకెళ్ళి, తన చేతిని పట్టుకున్న ఆయన చేతిని విడిపించి, వెనక్కి తిరిగి నడవడం తన వంతు కాదు. ఎవరూ చూడలేదు ఆ వదులవడం. చూసినట్టే ఉంటుంది రాత్రనక పగలనక. హోమ్ నడిపే వెంకటదుర్గ గారు ఫోనులో ఎంతో నెమ్మదిగా చెప్పారు. "మీరు ఎదురుగా ఉంటే ఆయన కదలరండీ. కొత్త మనిషైతే మర్యాదకి వెంట నడుస్తారు. షికారుకి పంపినట్టు పంపండి, ఏడవకండి, ఎయిర్‌పోర్టుకి అసలు రావద్దు." షికారుకి పంపినట్టు. ఆవిడకెలా తెలుసు, ఆయనకి షికార్లంటే ఇష్టమని.

ఇష్టమేనా, లేక తను ఇష్టమనుకుందా. రామాంజనేయుల్ని కంపెనీ ఏడాది పనికి న్యూరెంబర్గ్ పంపినప్పుడు, అమ్మ పోయిన ఇంట్లో ఆయనొక్కర్నీ ఉంచలేక వేసవికి అక్కడికి పిలిపించుకుంది. వారం అంతా కిటికీలోంచి ట్రాములు చూసేవారు. శనివారం వస్తే చాలు, పొద్దున్నే స్నానం చేసి, విబూది పెట్టుకుని, అక్కడి వేసవి కూడా ఆయనకి చలే గనక ఆ ఊళ్ళో కొన్న ఉన్నికోటు వేసుకుని, "ఇవాళ ఏ ఊరమ్మాయ్?" బాంబెర్గ్, వ్యూర్జ్‌బర్గ్, రెగెన్స్‌బర్గ్, ఒకదాని తర్వాత ఒకటి, రాళ్ళు పరిచిన వీధులు, పాత కోటగోడలు, ఏట్లో నిలబడ్డ మునిసిపాలిటీ ఆఫీసు, చర్చి గంటలు. చూడ్డానికి వెళ్ళింది ఊళ్ళే గాని ఆయన చూసింది రైళ్ళని. ఉద్యోగమంతా బెజవాడ డివిజన్లో టీసీగా చేసిన మనిషికి ఊరు అంటే రెండు స్టేషన్ల మధ్య వచ్చే ఆలస్యం. కోట ముందు నిలబెట్టి ఫోటో తీస్తుంటే గడియారం చూసుకునేవారు. తను పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దేది, ఏటిగట్టు మీద బెంచీ చూసుకుని తినేవాళ్ళు, పక్కన సాసేజీలు కాల్చే పొగ వస్తే ఆయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "మంచి వంటే అయ్యుంటుంది, మనకి పనికిరాదు" అనేవారు. బయల్దేరేముందు ప్రతిసారీ ఒకే ప్రశ్న. "వచ్చేసరికి పెరుగు తోడుకుంటుందా?" సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం అని ఆయన తనకి తను చెప్పుకునే పద్ధతి అది. ఈ పొద్దున కూడా తోడు పెట్టింది. చేతులు వాటంతటవే పెట్టేశాయి. గిన్నె మూత మీద పళ్ళెం కూడా బోర్లించి ఉంది. ఎవరికి.

ఆ ఊళ్ళకి కొనే రైలు టికెట్టు ఆయనకి మహా నచ్చింది. ఆ రాష్ట్రంలో రోజంతా తిరగడానికి ఒకటే కాగితం, ఐదుగురి దాకా వెళ్ళొచ్చు, కాని వెళ్ళేవాళ్ళ పేర్లు దాని మీద పెన్నుతో రాసుకోవాలి. "ఎంత మర్యాదండీ!" అని ఆశ్చర్యపోయారు మొదటిరోజు, అల్లుడితో. "మనమే రాసుకోవాలట, వాళ్ళు నమ్ముతారట." తన జేబులో పెన్ను తీసి, రిజర్వేషన్ చార్టు రాసినంత శ్రద్ధగా, వి. వాసుదేవరావు, దాని కింద సుమతి అని రాశారు. రామాంజనేయులు ఉన్నరోజు మూడో పేరు. చెకింగుకి వచ్చిన అమ్మాయి చిరునవ్వు నవ్వి కాగితం తిరిగి ఇస్తే ఆమె వెళ్ళేదాకా లేచి నిలబడే ఉన్నారు. బడికి వచ్చిన ఇన్స్పెక్టరు ముందు సుమతి నిలబడ్డట్టు. రెగెన్స్‌బర్గ్ రాతివంతెన మీద ఆగి కిందికి డాన్యూబ్ నదిని చూశారు. నీళ్ళు వంతెన కాళ్ళ మధ్య సుళ్ళు తిరుగుతున్నాయి. "మీ అమ్మకి రాయలేదు" అన్నారు ఉన్నట్టుండి. "పేరు. టికెట్టు మీద." చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు, దుఃఖంతో అన్నారనుకుంది. చెయ్యి పట్టుకుంది, ఏటి గాలి ఇద్దరి మీదా వీచింది, అది తను మోయగలిగిన దుఃఖమే అనిపించింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అది దుఃఖమో, ఈ మరుపు మొదలవడమో చెప్పడం తన వల్ల కాదు. ఆయనకే తెలియని దాన్ని పక్కనే నిలబడి తను ఎలా తెలుసుకునేది.

అసర్ నమాజు పిలుపు మొదలైంది, ఒక మసీదు అందుకోగానే ఇంకోటి, వీధి వీధంతా. ఆయన తల ఎత్తారు. "ఏ బండి అనౌన్స్ చేస్తున్నాడు?" "మనది కాదు నాన్నగారూ." "అర్థం కావట్లేదు వీళ్ళ ఉచ్చారణ" అని మళ్ళీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. నుదుట చెమట పట్టింది, సుమతి తుడవబోతే తల పక్కకి తిప్పుకున్నారు. వచ్చిన మొదటి వారం సాల్మియా సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళినప్పుడు "డాన్యూబ్ ఇంత వెడల్పయిందేమిటి? బ్యారేజీ గేట్లు ఎత్తేశారా?" అన్నారు. రామాంజనేయులు పగలబడి నవ్వాడు, తనూ నవ్వింది, ఆయనా నవ్వారు. మంచి సాయంత్రం అది. అలాంటివి ఇంకో నాలుగు ఉంటే చాలు, నెట్టుకొచ్చేద్దును. కాని ఒక మధ్యాహ్నం తను బడి మీటింగునుంచి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, సోఫా ఖాళీ. చెప్పులు అక్కడే ఉన్నాయి. మెట్ల మీద ఎదురొచ్చాడు బిల్డింగు కాపలాదారు అజ్మతుల్లా, ఆయన చెయ్యి పట్టుకుని, తన చెప్పులు ఆయనకి తొడిగి, తను కాలే కాళ్ళతో. "బాజీ, బాబాజీ బస్ మే థే." సిటీ బస్సు ఎక్కి ఈ చివరినుంచి ఆ చివరికి అందరి టికెట్లూ అడిగారట. అందరూ చూపించారట. పనికిపోయే బంగ్లాదేశీలు, మలయాళీ నర్సులు, ఒక ఫిలిప్పీన్ అమ్మాయి లేచి నిలబడి మరీ ఇచ్చిందట. ఆ కథ చెబుతూ అజ్మతుల్లా కళ్ళు తుడుచుకున్నాడు, సుమతికి ఏడుపు రాలేదు. మర్నాటినుంచి బయట తాళం వేసి వెళ్ళడం మొదలుపెట్టింది. లోపల్నుంచి తలుపు కొడుతుంటే లిఫ్టు వచ్చేదాకా ఆ చప్పుడు వింటూ నిలబడేది. ముందు గట్టిగా, తర్వాత టీసీ కంపార్టుమెంటు తలుపు తట్టినట్టు మర్యాదగా, మూడు వేళ్ళతో. గట్టిగా కొట్టినప్పుడు కాదు, ఆ మర్యాదకే లిఫ్టు బటను మళ్ళీ మళ్ళీ నొక్కేది.

ఇలాంటి తలుపు ఇదివరకే ఒకసారి, జర్మనీలో, మూసుకుంది. రోథెన్‌బర్గ్ వెళ్ళేరోజు స్టైనాక్ అనే చిన్న స్టేషన్లో దిగి బండి మారాలి. చుట్టూ పొలాలు, రెండే ప్లాట్‌ఫారాలు. "దిగాలి నాన్నగారూ" అని సంచీ పట్టుకుని ముందు తను దిగింది, వెనక వస్తున్నారనే అనుకుంది, తిరిగి చూసేసరికి ఆయన తలుపు లోపల నిలబడి ఉన్నారు, దిగాల్సింది తనే అన్న సంగతి ఎవరో చెప్పాలన్నట్టు. "దిగండి!" అంది. తలుపులు మూసుకున్నాయి. బటను నొక్కితే తెరుచుకోలేదు. బండి కదిలింది, అద్దం వెనక ఆయన మొహం పరుగెడుతున్న ఆమెకి సమంగా కొంత దూరం వచ్చింది, భయం లేదు అందులో, ఏదో అడుగుతున్నట్టు పెదాలు కదిలాయి, తర్వాత లేదు. గంట ఆగితేగాని ఇంకో బండి లేదు. ఆ గంటలాంటి గంటే ఇదీ. తరువాతి స్టేషన్లో బెంచీ మీద కోటు గుండీలు పెట్టుకుని, నిటారుగా, వణుకుతూ కూర్చున్నారు. తప్పిపోయినందుకు కాదు. "టికెట్టు నీ దగ్గరుండిపోయింది. నేను టికెట్టు లేకుండా ప్రయాణం చేశాను సుమా" అన్నారు. ముప్ఫయ్యేళ్ళు టికెట్టు లేని జనాన్ని దింపిన మనిషి. తను నవ్వేసింది, పరవాలేదు నాన్నగారూ, మీ పేరుంది కదా అంది. ఆయన నవ్వలేదు. "పేరుంటే సరిపోదు. కాగితం ఎక్కడుంటే మనిషి అక్కడుండాలి. ఇక నుంచి నా దగ్గర పెట్టు. నీ పేరూ అందులోనే ఉంటుంది గనక, నేను లేకుండా నువ్వూ పోలేవు." ఇంటికెళ్ళాక రామాంజనేయులికి ఇది జోకులా చెప్పింది. సహస్రకి ఫోనులో చెప్పింది. ఎంతమందికి చెప్పి నవ్వించింది.

"అమ్మాయ్."

"ఆఁ నాన్నగారూ."

"టికెట్టేదీ?"

విమానం టికెట్టు ప్రింటు చేతిసంచీలో పైనే ఉంది, దాచాలని సుమతికి తోచలేదు. ఇవ్వకపోతే లేచి వెతుకుతారు, వెతికితే కోపం వస్తుంది, కోపం వస్తే నాగరాజు వచ్చేసరికి చేతికి చిక్కరు. ఇచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి కోటుకి తుడుచుకుని పెట్టుకున్నారు. కాగితం వెలుతురుకి తిప్పారు. చదవడం ఆయనకి పోలేదు, అక్షరాలు ఉన్నాయి, అవి చెప్పే సంగతులు పోయాయి అంతే. వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ వచ్చారు, విమానం పేరు దాటింది వేలు, కువైట్ దాటింది, హైదరాబాద్ దాటింది, దేని మీదా ఆగలేదు. పేరు దగ్గర ఆగింది.

"ఇది నా పేరు."

"అవును."

"నీ పేరేదీ?"

ఇప్పుడు చెప్పొచ్చు. నాన్నగారూ, ఇది వేరే టికెట్టు, ఇందులో నేను లేను, నన్ను రానివ్వరు, రానిచ్చినా నేను మిమ్మల్ని తీసుకెళ్ళేది ఇంటికి కాదు. చెబితే అర్థం చేసుకోరు. అర్థం చేసుకుంటే? ఒక్కోసారి, పొద్దున్నపూట, రెండు నిమిషాలు అంతా తేటపడినట్టు చూస్తారు. ఇప్పుడు అలా చూస్తే ఎలా. ఆ చూపు రాకూడదని దేవుణ్ణి వేడుకుంది, కన్నతండ్రికి తెలివి రాకూడదని.

"పేరు లేకపోతే దింపేస్తారమ్మా" అన్నారాయన, కసరలేదు, ఆ గొంతు ఆమె చిన్నప్పుడు విన్నదే, జనరల్ పెట్టెలో పిల్లతల్లికి నచ్చజెప్పే గొంతు. "మర్చిపోయుంటావు. రాసెయ్, చెకింగ్ వచ్చే లోపల." కోటు లోపలి జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. సిరా ఆరిపోయింది. కాగితం మీద గీరితే తెల్లటి గాడి పడింది. ఆయన పెన్ను తీసుకుని నోటి దగ్గర పెట్టి వేడిగా ఊదారు, అరచేతిలో రుద్దారు, మళ్ళీ ఇచ్చారు. ఈసారి రాసింది. సుమతి తన పేరు ఆయన పేరు కింద రాసింది, నాలుగో తరగతిలో కొత్త పుస్తకం మీద రాసుకున్నంత గుండ్రంగా. ఆయన చదివారు. "వి. వాసుదేవరావు. సుమతి." తల ఊపి, నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో పెట్టి, పైనుంచి అరచేత్తో అదిమారు.

"పెరుగు తోడు పెట్టావా?"

"పెట్టాను."

బెల్లు మోగింది. నాగరాజు ఇస్త్రీ చొక్కాలో, బొట్టు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. కింద కఫీల్ కారు, పనిచేసే ఇంటాయనది, ఉందట, తోటి డ్రైవరు అల్లాబకష్ దింపుతాడట. "పెద్దాయనా, పోదామా? యల్లా!" నాన్నగారు అతన్ని కింది నుంచి పైదాకా చూశారు. "నువ్వూ వస్తున్నావా? నీ పేరు రాయించావా?" "నాది నాకు వేరే ఉండాది లెండి." "అక్కర్లేదయ్యా, డబ్బు దండగ. ఐదుగురి దాకా ఒకదాని మీదే పోవచ్చు" అన్నారు, జేబు తడుముకుంటూ. నాగరాజు సుమతి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, ఏమీ అనొద్దని. అతను పెట్టె ఎత్తుకున్నాడు, మందులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో మళ్ళీ ఒకసారి అప్పజెప్పాడు, "నీళ్ళు ఇయ్యొచ్చు గదా మేడం, పాసుకు పోవాలంటే నేనే తీస్కపోతా, సిగ్గేముంది" అన్నాడు, నాన్నగారి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన పట్టుకోనిచ్చారు. మర్యాదకి.

ఆ బిల్డింగు లిఫ్టు పాతకాలంది, చేత్తో లాగే తలుపు, మధ్యలో నిలువుగా సన్నటి అద్దం. నాగరాజు పెట్టె లోపల పెట్టాడు. నాన్నగారు ఎక్కి, చోటు చూసుకుని, కొంచెం జరిగి, తన పక్కన ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉంచారు.

"రామ్మా."

"చెప్పులు వేసుకొస్తాను నాన్నగారూ. మీరు పదండి, వెనకే వస్తా."

"తొందరగా. మన పేరు పిలిచేలోపల."

తలుపు మూసుకుంది. అద్దంలో ఆయన మొహం, ఏదో అడుగుతున్నట్టు పెదాలు కదిలాయి, అంతలో గుర్తొచ్చినట్టు జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, అద్దానికి ఆనించి చూపించారు, తన దగ్గరే ఉంది, భయంలేదు అన్నట్టు. ఆయన పేరూ దాని కింద ఆమె పేరూ కిందికి జారిపోయాయి, తర్వాత తీగలు, తర్వాత చీకటి గోడ. సుమతి చెప్పులు వేసుకునే ఉంది. స్టైనాక్‌లో టికెట్టు తన చేతిలో ఉండిపోయింది, గంటాగితే వెనకాలే ఇంకో బండి వచ్చింది. ఈసారి టికెట్టు ఆయన చేతిలోనే వెళ్ళిపోయింది.